తాజా చేపలో హిస్టమిన్ పరీక్ష: ధర తగ్గకుండా నమూనా తీయవచ్చా? రివ్యూ

నమస్కారం. ఈ వీడియోలో రెండు వస్తువులను కలిపి చూడబోతున్నాము. చేపను కోయకుండా లోపలి మాంసాన్ని తీసే సన్నని స్టీలు గొట్టం ఒకటి, ఆ మాంసంలో హిస్టమిన్ (ఎక్కువైతే తిన్నవారికి దద్దుర్లు, తలనొప్పి వంటివి తెచ్చే పదార్థం) ఎంత ఉందో కొద్ది నిమిషాలలో చూపే స్ట్రిప్ కిట్ మరొకటి. విడివిడిగా రెండూ మంచివే. జత కలిపినప్పుడే చిక్కు వస్తుంది.

ట్యూనా, కానాగంత, కవళ్లు వంటి చేపల మాంసంలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం సహజంగానే ఎక్కువగా ఉంటుంది. చేప చనిపోయిన తరువాత ఐసు అందడం ఆలస్యమైతే, మొప్పలలోనూ పేగులలోనూ ఉండే మోర్గానెల్లా మోర్గానీ వంటి బ్యాక్టీరియా దానిని హిస్టమిన్‌గా మారుస్తుంది. ఆ హిస్టమిన్ వండినా, గడ్డకట్టించినా పోదు. దానికి వాసన లేదు కాబట్టి కళ్లు మెరుస్తూ, మొప్పలు ఎర్రగా ఉన్న చేపలో కూడా అది ప్రమాదకర స్థాయిలో ఉండవచ్చు. అందుకే మాంసం తీయక తప్పదు.

కిట్ తయారీదారులు సాధారణంగా 10 గ్రాముల వరకు మాంసం అడుగుతారు. నేను వాడిన గొట్టం లోపలి వ్యాసం 6 మిల్లీమీటర్లు. దానిని 4 సెంటీమీటర్ల లోతుకు దింపి మెల్లగా తిప్పి లాగితే, పెన్సిల్ ముక్కంత మాంసం వస్తుంది. తూకం గ్రాము కన్నా కాస్త ఎక్కువ. ఈ లెక్కన కిట్ చెప్పినంత మాంసం కావాలంటే ఒకే చేపకు ఎనిమిది తొమ్మిది రంధ్రాలు పెట్టాలి. అలాంటి చేపకు ఏ కొనుగోలుదారు పూర్తి ధర ఇస్తాడు? కాబట్టి మాంసాన్నీ, కలిపే ద్రావణాన్నీ ఒకే నిష్పత్తిలో తగ్గించుకోవాలి. అందుకు గ్రాములో నూరవ వంతు వరకు తూచే త్రాసు కావాలి, తగ్గించిన కొలతతో కూడా ఫలితం సరిగానే వస్తున్నదని తెలిసిన నమూనాలతో ముందే సరిచూసుకోవాలి. కిట్‌తో వచ్చిన కాగితంలో ఈ విషయం ఒక్క వాక్యం కూడా లేకపోవడం నాకు నచ్చలేదు.

ఇంకా పెద్ద ప్రశ్న, గొట్టాన్ని ఎక్కడ దించాలన్నది. హిస్టమిన్ చేప అంతటా సమానంగా ఉండదు. సాధారణంగా పొట్ట ముందు భాగంలో ఎక్కువ, తోక వైపు తక్కువ. తోక దగ్గర తీస్తే చేప అందం చెడదు, కానీ ఫలితం మనలను మోసం చేయవచ్చు. మొప్ప కవచాన్ని ఎత్తి, దాని వెనుక నుంచి పొట్ట వైపు వాలుగా దించడమే నాకు సరైనదిగా తోచింది. పైచర్మం తెగదు, కవచం మూస్తే రంధ్రం కనబడదు. ముక్కలు కోసేటప్పుడు ఆ భాగం ఎలాగూ తీసివేతలోకే పోతుంది. అయితే మొప్పల బ్యాక్టీరియా గొట్టంతో పాటు లోపలికి వెళుతుంది కనుక, ముందు ఆ చోటును తుడవాలి, తీసిన ముక్కలో పైకొసను పారవేయాలి, చేపను వెంటనే ఐసులోకి చేర్చాలి. ఒక చేప నుంచి మరొక చేపకు వెళ్లే ముందు గొట్టాన్ని కడిగి ఆల్కహాల్‌తో తుడవాలి.

స్ట్రిప్ చదవడంలో ఒక మెలిక ఉంది. నేను చూసిన రకంలో హిస్టమిన్ పెరిగే కొద్దీ పరీక్ష గీత పలచబడుతుంది. గీత కనబడితే ప్రమాదమని అలవాటుగా అనుకునేవారు ఫలితాన్ని తలకిందులుగా చదివే వీలుంది.

ఒక్క చేపతో సరుకంతటికీ తీర్పు చెప్పలేము. యూరోపియన్ యూనియన్ నియమం ప్రకారం హిస్టిడిన్ ఎక్కువగా ఉండే చేపల సరుకు నుంచి 9 నమూనాలు తీస్తారు. సగటు కిలోకు 100 మిల్లీగ్రాములు దాటరాదు, 100కూ 200కూ మధ్య రెండింటికి మించి ఉండరాదు, 200 దాటినది ఒక్కటీ ఉండరాదు. ఖర్చు తగ్గించుకోవడానికి మూడు చేపల మాంసాన్ని సమానంగా కలిపి పరీక్షించవచ్చు. కానీ అప్పుడు 100 బదులు 33 దాటగానే ఆ మూడింటినీ విడివిడిగా చూడాలి. లేకపోతే చెడ్డ చేప ఒకటి, మంచి చేపలు రెండింటి వెనుక దాగిపోతుంది.

నా అభిప్రాయంలో ఈ జత పెద్ద చేపలను కోయకుండా నిండు చేపలుగా అమ్మేవారికి కొనదగినదే, పరిమితికి దగ్గరగా ఫలితం వచ్చిన నమూనాలను హెచ్‌పీఎల్‌సీ (పదార్థాలను విడదీసి కచ్చితంగా కొలిచే యంత్రం) ఉన్న ప్రయోగశాలకు పంపే ఏర్పాటు ఉంటేనే. కవళ్ల వంటి చిన్న చేపలకు గొట్టం అనవసరం. రాశిలో అక్కడక్కడ నుంచి కొన్ని చేపలను పూర్తిగా తీసి రుబ్బితే సరిపోతుంది.