మూడు సెకన్లకొక చిటిక

శ్రోతలకు నమస్కారం. ముందు మీకో చప్పుడు వినిపిస్తాను. (చిటిక)

విన్నారా? ఒకటి, రెండు, మూడు. (చిటిక) మళ్ళీ ఒకటి, రెండు, మూడు. (చిటిక)

మైకు ముందు కూర్చుని చిటికెలేస్తున్నాడేమిటి ఈయన అనుకోకండి. ఇది నాకు ఎంతో ఇష్టమైన ఒక సీనులోది. 2005లో బీబీసీలో వచ్చిన టీవీ సినిమా, పేరు 'ద గర్ల్ ఇన్ ద కెఫే'. అందులో ఈ చిటిక వేసిన నటి కెల్లీ మెక్‌డొనాల్డ్ గురించే ఇవాళ నా కబుర్లు.

లండన్‌లో లారెన్స్ అని ఒక ప్రభుత్వోద్యోగి. ఆర్థికమంత్రి దగ్గర పని. తలపండిన మనిషి. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు, ఫైళ్ళే లోకం. పరాయి మనిషితో నోరు విప్పాలంటే టెన్షన్. ఒకరోజు కెఫేలో ఎక్కడా ఖాళీ లేక జీనా అనే అమ్మాయి టేబుల్ దగ్గర కూర్చుంటాడు. ఆమెదీ అదే రకం, అడిగినదానికి ముక్తసరిగా జవాబు. ఇద్దరు మొహమాటస్తులు ఎదురెదురుగా కూర్చుంటే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. టీ చల్లారిపోతుంది. కొన్నాళ్ళకి ఐస్‌లాండ్‌లో జీ8 సమావేశానికి, అంటే ఎనిమిది పెద్ద దేశాల నేతలు కలిసే సమావేశానికి వెళ్తూ, ఎక్కడలేని ధైర్యం తెచ్చుకుని ఆమెను కూడా రమ్మంటాడు.

అక్కడ ఒక రాత్రి విందు. దేశదేశాల పెద్దలందరూ ఉన్నారు. బ్రిటన్ ప్రధాని లేచి ప్రసంగిస్తున్నాడు. మధ్యలో జీనా అడ్డొస్తుంది. అరవదు. వేలు చూపించదు. గొంతు వణుకుతూనే ఉంటుంది, కానీ ఆగదు. కటిక పేదరికం వల్ల ప్రపంచంలో మూడు సెకన్లకొక బిడ్డ చనిపోతోందని చెప్పి, చిటిక వేస్తుంది. ఆగుతుంది. మళ్ళీ వేస్తుంది. ఆగుతుంది. మళ్ళీ వేస్తుంది. హాల్లో అంతమంది పెద్దవాళ్ళు, ఎవరికీ ఎటు చూడాలో తెలియదు.

రాసింది రిచర్డ్ కర్టిస్. నిజం చెప్పొద్దూ, కాగితం మీద ఆ మాటలు ఉపన్యాసంలాగే ఉంటాయి. ఆ అమ్మాయి నోట్లోంచి వచ్చాయి కాబట్టి బతికిపోయాయి. అదే ఏడాది జులైలో నిజం జీ8 సమావేశం స్కాట్లాండ్‌లో జరగబోతుంటే, ఈ సినిమాను జూన్‌లోనే చూపించారు. అందులో మాట్లాడింది స్కాట్లాండ్ అమ్మాయి, స్కాట్లాండ్ యాసలోనే.

ఆవిడే కెల్లీ మెక్‌డొనాల్డ్. జీనా పాత్రకు 2006లో ఎమ్మీ అవార్డు వచ్చింది, అమెరికాలో టీవీ వాళ్ళకిచ్చే పెద్ద అవార్డు.

1976లో గ్లాస్గోలో పుట్టింది. నటన ఎక్కడా నేర్చుకోలేదు. బార్‌లో పనిచేసుకుంటున్న రోజుల్లో ఒక కరపత్రం చేతికొచ్చింది, సినిమాకి కొత్త మొహాలు కావాలని. వెళ్ళింది. వేషం దొరికింది. ఆ సినిమా డానీ బాయిల్ తీసిన 'ట్రెయిన్‌స్పాటింగ్', 1996లో వచ్చింది. ఇక తర్వాత సంగతులు గబగబా చెప్పేస్తాను. 2007లో కోయెన్ సోదరుల 'నో కంట్రీ ఫర్ ఓల్డ్ మెన్'లో టెక్సస్ ఇల్లాలు. గ్లాస్గో అమ్మాయి టెక్సస్ యాస పట్టడమంటే, మన శ్రీకాకుళం అమ్మాయి ఆదిలాబాద్ యాసలో మాట్లాడి అక్కడివాళ్ళ చేతే ఔననిపించుకోవడం లాంటిది. 2012లో పిక్సార్ వాళ్ళ 'బ్రేవ్' బొమ్మల సినిమాలో రాకుమారి మెరిడాకి గొంతు ఇచ్చింది. అక్కడ మాత్రం సొంత యాసే.

మనకు దగ్గరగా వచ్చిన సినిమా ఒకటుంది. 2018లో వచ్చిన 'పజిల్'. పక్కన ఎవరనుకున్నారు? ఇర్ఫాన్ ఖాన్! మన 'సైనికుడు'లో మహేష్ బాబుతో తలపడ్డ ఇర్ఫానే. 'పజిల్' మొదట్లో ఒక ఇంట్లో పార్టీ జరుగుతుంటుంది. ఆవిడ వడ్డిస్తూ, ఎత్తుతూ, తుడుస్తూ తిరుగుతుంటుంది. చివరికి కేకు కూడా తనే తెచ్చి కొవ్వొత్తులు వెలిగిస్తుంది. అప్పుడు తెలుస్తుంది మనకి, పుట్టినరోజు ఆవిడదేనని. నేను అక్కడ సినిమా ఆపి, వంటింట్లో మా ఆవిడ ఏం చేస్తోందో చూసొచ్చాను. గిన్నెలు కడుగుతోంది. ఆ రోజు ఇంకేం మాట్లాడలేదు లెండి, గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టాను.

గాజు గోడ అవతల నుంచి టైమైపోయిందని చెయ్యి ఊపుతున్నారు. ఒక్క మాట. ఈ ఆదివారం ఆవిడ సినిమా ఏది పెట్టుకున్నా డబ్బింగ్ జోలికి పోకండి. ఇంగ్లీషు ఆడియోనే పెట్టుకోండి, అర్థం కాకపోతే కింద అక్షరాలు వేసుకోండి. మొదటి ఐదు నిమిషాలు ఆ యాస చెవికి ఎక్కదు. నాకూ ఎక్కలేదు. ఐదు నిమిషాలు ఓపిక పట్టండి, చాలు. నమస్కారం.