సైన్యం వీడేవారికి దేహదారుఢ్య పరీక్ష ఎందుకు?

సభాధ్యక్షులకు, పెద్దలకు, సభికులందరికీ నమస్కారం.

అమెరికా సైన్యంలో ఒప్పందకాలం ముగిసి, కొద్ది నెలల్లో యూనిఫాం వదలబోతున్న సైనికుడిని మళ్లీ దేహదారుఢ్య పరీక్షకు పిలవడం అవసరమా అన్నదే ఇవాళ్టి విషయం. నా అభిప్రాయం ముందే చెబుతాను. పిలవవచ్చు, నియమం ప్రకారం పిలవాలి కూడా. అయితే ఆ మార్కులు చూసి, వెళ్లిపోయే మనిషి ఆరోగ్యం ఎలా ఉందో తేలిపోయిందనుకుంటే అతనికి అన్యాయం చేసినవాళ్లమవుతాం.

ముందుగా పరీక్ష సంగతి. 1980లో వచ్చిన పాత పద్ధతిలో రెండు నిమిషాలు దండీలు, రెండు నిమిషాలు సిటప్స్, ఆ తర్వాత రెండు మైళ్ల పరుగు ఉండేవి. 2022 అక్టోబర్ 1 నుంచి దాని స్థానంలో ఆరు అంశాల పరీక్ష అధికారికమైంది. అందులోంచి బరువైన బంతిని వెనక్కి విసిరే అంశాన్ని తీసేసి, 2025 జూన్ 1 నుంచి ఐదు అంశాల పరీక్షను తెచ్చారు. డెడ్‌లిఫ్ట్ అంటే నేల మీది బరువును పైకెత్తడం, చేతులు నేల నుంచి ఎత్తి చేసే దండీలు, పరుగెడుతూ బరువులు ఈడ్చి మోయడం, ప్లాంక్ అంటే మోచేతుల మీద ఆని శరీరాన్ని కదలకుండా నిలపడం, రెండు మైళ్ల పరుగు ఇప్పుడున్నవి. ఒక్కో అంశంలో కనీసం 60, మొత్తం 500కు 300 రావాలి. నేరుగా పోరాటంలో ఉండే 21 విభాగాలవారికి ఈ మొత్తం 350. పూర్తికాలం పనిచేసే సైనికులు ఏడాదికి రెండుసార్లు ఈ పరీక్ష ఇచ్చి, మార్కులను రికార్డులో నమోదు చేయించుకోవాలి.

పదవి వీడే ముందు సత్తా చూపించడమంటే నాకు థియొడోర్ రూజ్‌వెల్ట్ గుర్తొస్తాడు. సైన్యాధికారులు మూడు రోజుల్లో 90 మైళ్లు గుర్రంపై వెళ్లగలగాలని ఆయన ఉత్తర్వు ఇస్తే, కొందరు అది మరీ కఠినమని గొణిగారు. ఆయన 1909 జనవరి 13న, అధ్యక్ష పదవిలో ఇంకా రెండు నెలలు కూడా మిగలని సమయంలో, వాషింగ్టన్ నుంచి వర్జీనియాలోని వారెంటన్ దాకా వెళ్లి అదే రోజు తిరిగివచ్చాడు. దాదాపు 98 మైళ్ల స్వారీ అది. పెద్దల మొండితనం కొన్నిసార్లు మంచి వాదనే అవుతుంది కాబట్టి ఆ ముచ్చట చెప్పాను.

ఇప్పుడు నియమాల మాట. సైన్యం నుంచి బయటికి రావడానికి ప్రత్యేకంగా ఒక దేహదారుఢ్య పరీక్ష లేదు, మార్కులు తక్కువ వచ్చాయని గడువు ముగిసినవాడిని ఆపరు కూడా. కానీ విడుదల తేదీ వరకు అతను సైనికుడే గనుక ఏడాదికి రెండుసార్లనే నియమం అతనికీ వర్తిస్తుంది. చిక్కంతా క్యాలెండర్‌లో ఉంది. సైనికులకు నెలకు రెండున్నర రోజుల చొప్పున సెలవు జమవుతుంది. దాచుకున్న సెలవునంతా చివర్లో వాడుకుంటే, కాగితం మీద ఉద్యోగం ఉండగానే మనిషి యూనిట్‌ను వదిలి నెల, రెండు నెలలు ముందే వెళ్లిపోతాడు. కమాండర్ పరీక్షకు తేదీ పెట్టేసరికి ఎదుట అతను ఉండడు.

ఫెయిలైతే ఏమవుతుంది? అతని రికార్డు మీద ‘ఫ్లాగ్’ పడుతుంది. దాంతో పదోన్నతి, శిక్షణ కోర్సులు, మళ్లీ ఒప్పందం చేసుకోవడం, పతకాలు సాధారణంగా ఆగిపోతాయి. వెళ్లిపోయేవాడికి మొదటి మూడింటితో పనిలేదు. నాలుగోది మాత్రం మనసుకు తగులుతుంది, ఎందుకంటే సేవ చివర్లో ఇచ్చే గుర్తింపు కూడా అందులోకే వస్తుంది. పదేపదే ఫెయిలైనవారిని సరైన పనితీరు లేదన్న కారణంతో ముందుగానే పంపేసే ప్రక్రియ కూడా ఉంది. దాన్ని తేలిగ్గా తీసుకునే యువకులు ఒకటి తెలుసుకోవాలి. అలా పంపేటప్పుడు విడుదలపత్రంలో ‘గౌరవప్రదం’ అన్న మాటకు బదులు ‘సాధారణం’ అన్న మాట పడితే, కాలేజీ చదువుకు ఆసరా అయ్యే 9/11 అనంతర జీఐ బిల్లు ప్రయోజనం దక్కకపోవచ్చు.

నిజానికి నేను ఎక్కువసేపు మాట్లాడదలచినది నొప్పుల గురించి. సైన్యంలో మోకాలు, నడుము, భుజం పాడుచేసుకోని మనిషి అరుదు. అయినా డాక్టరు దగ్గరికి వెళ్తే ‘ప్రొఫైల్’ రాస్తారనీ, అంటే ఏ పనులు చేయకూడదో చెప్పే కాగితం చేతికొస్తుందనీ, తోటివాళ్లు బద్ధకస్తుడనుకుంటారనీ చాలామంది మాత్రలు మింగి పరుగెత్తుతారు. నియమాలు అంత నిర్దయగా ఏమీ లేవు. తాత్కాలిక ప్రొఫైల్ ముగిశాక, అది నడిచిన కాలానికి రెట్టింపు వ్యవధి, గరిష్ఠంగా 90 రోజులు, కోలుకోవడానికి ఇచ్చిన తర్వాతే రికార్డు పరీక్ష పెట్టాలి. శాశ్వత ప్రొఫైల్ ఉన్నవారికి పరుగుకు బదులు నడక, సైకిల్, ఈత, రోయింగ్ వంటివి ఉన్నాయి. ఈ వెసులుబాట్లను వాడుకోవడాన్ని నామోషీగా చూసే వాతావరణమే అసలు రోగం.

దాచిన నొప్పికి సేవాకాలపు వైద్య రికార్డుల్లో ఆనవాలు ఉండదు. మాజీ సైనికుల వ్యవహారాల శాఖ వైకల్య పరిహారం ఇవ్వాలంటే సాధారణంగా మూడు విషయాలు చూస్తుంది: ఇప్పుడు రోగం ఉందా, సేవలో దానికి కారణమైన సంఘటన ఉందా, ఆ రెంటికీ సంబంధం ఉందా. పరీక్షలో 480 తెచ్చుకుని ఒక్కసారీ వైద్యుడి గడప తొక్కనివాడు, పదేళ్ల తర్వాత మెట్లు దిగలేకపోతున్నప్పుడు రెండో ప్రశ్న దగ్గరే తడబడతాడు. అందుకే వెళ్లేముందు చేసే వైద్య పరీక్షలో చిన్న నొప్పినీ, నిద్రపట్టకపోవడాన్నీ, చెవిలో హోరునూ చెప్పుకోవాలి. విడుదలకు 180 నుంచి 90 రోజుల ముందు ఈ పరిహారానికి దరఖాస్తు పెట్టుకునే వీలుంది. పెట్టాక 45 రోజులపాటు వైద్య పరీక్షలకు అందుబాటులో ఉండాలి. సెలవు పెట్టి దేశం మరో మూలకు వెళ్లిపోతే ఈ పని జటిలమవుతుంది.

ఇంకొక వాదన కూడా వినిపిస్తుంది: వెళ్లిపోయేవాడి దారుఢ్యంతో సైన్యానికేం పని అని. మొదటిసారి చేరినవారి బాధ్యత మొత్తం ఎనిమిదేళ్లు. నాలుగేళ్లు పనిచేసి వచ్చినవాడు మిగతా నాలుగేళ్లు సాధారణంగా రిజర్వు జాబితాలో ఉంటాడు, అవసరమైతే వెనక్కి పిలవవచ్చు. కాబట్టి పని ఉంది. అయితే ఆ పనికి చివరి నెలలో హడావిడిగా పెట్టే పరీక్ష ఎంతమాత్రం ఉపయోగపడదు. నన్నడిగితే కమాండర్లు చివరి రికార్డు పరీక్షను విడుదలకు ఆరు నెలల ముందే ముగించాలి, ఆ వెంటనే ఆ సైనికుడికి వైద్య పరీక్షల కోసం డ్యూటీ నుంచి వెసులుబాటు ఇవ్వాలి, సెలవు దరఖాస్తుపై సంతకం పెట్టే ముందు ఆ రెండూ అయ్యాయా అని ఒక్కసారి అడగాలి.