సంక్రాంతికి కుచ్చు, వైశాఖానికి మూకుడు

(ముక్కనుమ నాటి సాయంత్రం కోనసీమలోని ఒక గ్రామ గ్రంథాలయంలో చేసిన ప్రసంగం)

పెద్దలకు నమస్కారం. పండుగకు ఊరు చేరిన పిల్లలందరికీ ఆశీస్సులు.

భోగి నాటి ఉదయం మా అరుగు మీద కూర్చుని ఉన్నాను. ఇంగ్లండు నుంచి వచ్చిన మా పక్కింటి వారి మనవరాలు, ఎనిమిదేళ్ల పాప, మా చూరుకు వేలాడుతున్న వరి కుచ్చును చాలాసేపు చూసింది. "తాతగారూ, ఇక్కడ మంచు పడదు కదా! మరి పిట్టలకు తిండి ఎందుకు పెడుతున్నారు?" అని అడిగింది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మూడు రోజులు ఆ ప్రశ్న నా వెంటే తిరిగింది. ఈ రోజు నన్ను మాట్లాడమన్నారు కాబట్టి ఆ పాపకు చెప్పవలసిన జవాబే మీ అందరికీ చెబుతాను.

ముందు ఆ పాప ఉండే చోటి సంగతి. అక్కడ డిసెంబరులో పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. రాత్రి పదహారు గంటలు. రెన్ అని ఒక పిట్ట ఉంది, బరువు పది గ్రాములు, అంటే మన రెండు పది రూపాయల నాణేలకన్నా తక్కువ. అంత చిన్న ఒంట్లో వేడి నిలవాలంటే పగలు తిన్నదంతా రాత్రికి కరిగిపోవలసిందే. ఒక్క చలి రాత్రిలో ఒంటి బరువులో పదో వంతు పోగొట్టుకునే పిట్టలున్నాయి. తెల్లవారగానే తిండి దొరక్కపోతే వాటికి రెండో రాత్రి గడవదు. 1962-63 శీతకాలంలో అక్కడ వారాల తరబడి నేల గడ్డకట్టుకుపోయి ఈ రెన్ పిట్టలు కుప్పలుగా చనిపోయాయి. 1969లో నార్ఫోక్ అనే చోట ఒకే ఒక్క గూటిపెట్టెలో 61 రెన్ పిట్టలు ఒకదాన్నొకటి హత్తుకుని రాత్రి గడిపాయని లెక్కపెట్టి రాశారు. అరవై ఒక్క ప్రాణాలు ఒక చిన్న చెక్కపెట్టెలో! ఆ మాట చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

అందుకే అక్కడి వారు చలికాలంలో పెరట్లో కొవ్వు ముద్దలు, పొద్దుతిరుగుడు పప్పు, ఉప్పు లేని వేరుశనగ గింజలు పెడతారు. తిండికన్నా ముందు నీళ్ల కష్టం వస్తుంది. చుట్టూ మంచు ఉన్నా తాగడానికి చుక్క ఉండదు. పొద్దున్నే పళ్లెంలోని గడ్డను తట్టి తీసేసి గోరువెచ్చని నీళ్లు పోయాలి, మధ్యాహ్నం మళ్లీ చూడాలి. మా పాప వాళ్ల ఇంట్లో ఆ నీళ్లలో ఒక చిన్న బంతి వేస్తారట. గాలికి బంతి కదులుతుంటే నీరు త్వరగా పేరుకోదు. మంచు కరుగుతుందని ఉప్పు మాత్రం కలపకూడదు, పిట్టకు అది విషంతో సమానం.

ఇక మన సంగతి. మన కోనసీమలో ధనుర్మాసపు తెల్లవారుజామున ఎంత వణికినా 15 డిగ్రీల దిగువకు వెళ్లడం అరుదు. పైగా అప్పుడే తొలి పంట సార్వా కోతలు అయి ఉంటాయి. గట్ల మీద గింజ, మళ్లలో పురుగు, కాలువ నిండా నీరు. చలికాలం మన పిట్టలకు పండుగే. మరి కష్టకాలం ఏది? ఏప్రిల్‌లో రెండో పంట దాళ్వా చేతికి వచ్చాక కాలువలు కట్టేస్తారు కదా, అప్పటి నుంచి జూన్‌లో మళ్లీ నీళ్లు వదిలే దాకా. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఈ డెల్టాలో మనిషి బతుకే కాదు, పిట్ట బతుకు కూడా కాలువ చుట్టూ అల్లుకుంది. కాలువ అడుగు బీటలు వారిన ఆ నెలన్నర మనకు బోరు ఉంది, కుళాయి ఉంది, సీసా నీళ్లున్నాయి. సముద్రం దగ్గర ఊళ్లలో గుంటల నీరు ఉప్పెక్కుతుంది. రొయ్యల చెరువు దగ్గరికి పోదామంటే పిట్టలు వాలకుండా దారాలు కట్టి ఉంటాయి.

నాకు ఇది ఎలా తెలిసిందో చెబుతాను. కొన్నేళ్ల కిందట మా పెరటి కుళాయి కారుతుండేది. ఒక మే నెల మధ్యాహ్నం వంటింటి కిటికీలోంచి చూస్తే, ఒక ఆడ పిచ్చుక ఆ కుళాయి మూతిని కాళ్లతో పట్టుకుని తలకిందులుగా వేలాడుతోంది. చుక్క ఊరే దాకా ఆగి, ఊరగానే ముక్కుతో అందుకుంటోంది. ఒక్కో చుక్కకు లోలోపల నేనే లెక్కపెట్టుకున్నాను, అయిదారు సెకన్లు. కింద తడి మట్టిలో ఒక గోరింక నోరు తెరుచుకుని రొప్పుతోంది. పిట్టలకు చెమట పట్టదు. ఆ రొప్పుతోనే ఒంటి వేడి దించుకోవాలి, రొప్పిన కొద్దీ ఒంట్లో నీరు పోతుంది. నేను చూశాను, అయ్యో అనుకున్నాను, అంతే. తరువాతి వారం మనిషిని పిలిపించి కుళాయి బాగుచేయించాను. నీరు వృథా కాకూడదనే కదా! మర్నాడు మధ్యాహ్నం అదే వేళకు అదే పిచ్చుక వచ్చి అదే కుళాయికి వేలాడింది. చుక్క రాలేదు. చాలాసేపు ఎదురుచూసింది. ఆ సాయంత్రమే కుమ్మరి దగ్గర మూకుడు కొన్నాను. ఆ ఏడు నుంచి ఏ వేసవిలోనూ మా పెరట్లో మూకుడు ఎండలేదు.

మూకుడు మట్టిదైతేనే మంచిది, నీరు చల్లగా ఉంటుంది, గరుకు అంచు మీద పిట్ట కాలు జారదు. లోతు రెండు అంగుళాలు దాటకూడదు. మధ్యలో ఒక రాయి వేయండి, చిన్న పిట్ట దాని మీద నిలబడి తాగుతుంది. నీడలో పెట్టండి, పిల్లి పొంచి ఉండే పొదకు దూరంగా పెట్టండి. నీళ్లు రోజూ పారబోసి కొబ్బరి పీచుతో రుద్ది కడగాలి. ఇది చిన్న విషయం కాదు. మురికి పళ్లేల వల్ల గొంతు జబ్బు పాకి ఇంగ్లండులో గ్రీన్‌ఫించ్ అనే పిట్టల సంఖ్యే పడిపోయింది. మనకైతే నిలవ నీటిలో దోమలు కూడా. తీరిక ఉంటే కాసేపు గమనించండి: పిచ్చుక ఒక్కో గుక్కకు తల ఎత్తి మింగుతుంది, పావురం మాత్రం ముక్కు ముంచి ఎత్తకుండా పీల్చేస్తుంది.

ఇప్పుడు కుచ్చు దగ్గరికి వస్తాను. వేసవి కష్టకాలమైతే సంక్రాంతికి గింజ ఎందుకు వేలాడదీస్తాం? మా నాయనమ్మను అడిగితే "పంటలో వాటి వాటా" అనేది. దానికన్నా మంచి మాట నాకు దొరకలేదు. అది జాలితో పెట్టే తిండి కాదు, ఇవ్వవలసిన బాకీ. ఒకప్పుడు ఆ బాకీ మనం తీర్చకపోయినా పిట్టలే వసూలు చేసుకునేవి. ఇంటి ముందు కళ్లం, పెరట్లో గాది, పెంకుటింటి చూరులో గూడు. ఇప్పుడు కోత మిషన్ దిగిన గంటలో పొలం ఖాళీ, ధాన్యం అక్కడి నుంచే లారీ ఎక్కుతుంది. ఇంటికి ఒక్క పన కూడా రావడం లేదు. డాబా ఇంటికి చూరే లేదు. మిషన్‌ను నేను తప్పుపట్టను, కూలీలు దొరకని రైతు ఏం చేస్తాడు? కానీ మిషన్ రాకముందు మడి మూలన రెండు పనలు కొడవలితో కోసి పక్కన పెట్టుకోమని రైతు సోదరులను చేతులు జోడించి అడుగుతున్నాను. రెండు పనలకు మహా అయితే నాలుగు కుచ్చులు వస్తాయి.

కుచ్చు లేనివారు నూకలు, సజ్జలు, కొర్రలు చల్లవచ్చు. జంతికలు, చిప్స్ వద్దు, అందులోని ఉప్పూ నూనే వాటికి పడవు. సాయంత్రానికి మిగిలింది ఊడ్చేయండి. గింజ మిగిలితే ఎలుక, ఎలుక వెంట పాము. ఈ గడ్డ మీద ఆ మాట ఎవరికీ విడమర్చి చెప్పనక్కరలేదు.

ఒక్క సంగతి మరవకూడదు. గుడ్డు పగిలి బయటపడిన పిచ్చుక పిల్ల గూడు వదలడానికి రెండు వారాలు పడుతుంది. ఆ రెండు వారాలూ దానికి ప్రధానంగా పురుగులే ఆహారం, గింజ అరగదు. తల్లి రోజంతా మన బెండ మొక్కల మీద, గోరింట పొదలో పచ్చపురుగుల కోసం వెతుకుతుంది. ఇంటి ముందు మూరెడు కుచ్చు కట్టి, వెనక పెరట్లో మందు కొడితే, తల్లికి తిండి పెట్టి పిల్లను పస్తు పడుకోబెట్టినట్టే. ఇంటికి వాడుకునే నాలుగు కూరమొక్కలకైనా మందు మానండి.

పాపా, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. మీ ఊళ్లో పిట్టకు జనవరిలో నువ్వు కావాలి, మా ఊళ్లో పిట్టకు మే నెలలో మేము కావాలి. నువ్వు మీ ఊరు వెళ్లాక పిట్టలకు గోరువెచ్చని నీళ్లు పోస్తూ ఉండు. ఏప్రిల్‌లో కాలువ కట్టేసిన రోజు నేను నీకు ఫోను చేసి మా మూకుడు సంగతి చెబుతాను.

అరుగు మీద పది పనలున్నాయి. నిన్న రాత్రి నీళ్లు చల్లి తడి గోనె కప్పి ఉంచాం, ఎండిన గడ్డి తడవకపోతే అల్లేటప్పుడు విరిగిపోతుంది. ముందు ఆకు దూసేయాలి. తరువాత మూడేసి కంకులు తీసుకుని జడ అల్లినట్టే అల్లుతూ, ప్రతి మెలికకూ పక్క నుంచి మరో కంకి చేర్చాలి. వెన్నులన్నీ ఒక వైపుకు వేలాడాలి. నలుగురు అమ్మలు అప్పుడే మొదలుపెట్టారు. పిల్లలూ, రండి.