సమాంతర రేఖలా, ఒకే రేఖా? గ్రాఫ్ గీయకముందే తేల్చేద్దాం

నమస్కారం. స్క్రీన్ మీద జత చూడండి: 2ఎక్స్ + 3వై = 12, 4ఎక్స్ + 6వై = 18. గ్రాఫ్ పేపర్ అప్పుడే తీయకండి, ముందు నిష్పత్తులు చూద్దాం. ఎక్స్ గుణకాలు 2, 4. నిష్పత్తి 1/2. వై గుణకాలు 3, 6. అదీ 1/2. అంటే రెండు రేఖల వాలూ ఒకటే, మైనస్ 2/3. స్థిరపదాలు 12, 18 మాత్రం 2/3 ఇస్తున్నాయి. ఒక రేఖ వై అక్షాన్ని 4 దగ్గర, రెండోది 3 దగ్గర ఖండిస్తుంది. కాబట్టి సమాంతర రేఖలు, అసంగత జత, అంటే రెండింటికీ సరిపోయే ఎక్స్, వై విలువలు లేవు, సాధన లేదు.

ఇదే లెక్క తొలగింపు పద్ధతిలో చేయండి. మొదటిదాన్ని 2తో గుణిస్తే 4ఎక్స్ + 6వై = 24. అందులోంచి రెండోది తీసేస్తే ఎక్స్ పోయింది, వై పోయింది, మిగిలింది 0 = 6. ఇక్కడ చాలామంది లెక్క తప్పిందనుకుని కొట్టేస్తారు. దయచేసి కొట్టేయకండి, జవాబు అదే! ఎక్స్, వైలకు ఏ విలువలు ఇచ్చినా ఈ రెండూ కలిసి నిజం కావని ఆ వరుస చెబుతోంది. దాని కిందే "సాధన లేదు" అని రాయండి. 0 = 0 వస్తే మాత్రం రేఖలు ఏకీభవించాయి, సాధనలు అనంతం. అలాగని ఏ బిందువు పడితే ఆ బిందువు సాధన కాదు, ఆ రేఖ మీద ఉన్నవే.

ఇప్పుడు మార్కులు పోయే చోటు. 2ఎక్స్ + 3వై − 12 = 0, 4ఎక్స్ + 6వై = 24. ఉన్నదున్నట్టు స్థిరపదాలు తీసుకుంటే మైనస్ 12 బై 24, అంటే మైనస్ 1/2. సమాంతరం అని రాసేస్తారు. కానీ 24ని ఎడమకు తెస్తే మైనస్ 24 అవుతుంది, నిష్పత్తి 1/2, రెండూ ఒకే రేఖ! రెండు సమీకరణాలనూ ఒకే రూపంలోకి తెచ్చాకే నిష్పత్తి తీయండి.

కే విలువ అడిగే లెక్కల్లోనూ జాగ్రత్త. కేఎక్స్ + 2వై = కే − 2, 8ఎక్స్ + కేవై = కే. ఏ కే విలువకు సాధన ఉండదు? మొదటి రెండు నిష్పత్తులు కే/8, 2/కే సమానం కావాలి, అంటే కే వర్గం 16, కే = ±4. అక్కడితో ఆపకండి, మూడో నిష్పత్తి, అంటే స్థిరపదాలది, చూడాలి. 4 అయితే 2/4, అదీ 1/2 కాబట్టి అనంత సాధనలు. మైనస్ 4 అయితే మొదటి రెండూ మైనస్ 1/2, మూడోది 3/2. జవాబు మైనస్ 4 ఒక్కటే.

మరి గ్రాఫ్‌లో సమాంతరంగా కనిపిస్తే చాలదా? చాలదు. 10ఎక్స్ + 9వై = 45, 9ఎక్స్ + 8వై = 72 గీసి చూడండి. 1 సెంటీమీటరు ఒక యూనిట్‌గా తీసుకుంటే షీటు మీద అచ్చం సమాంతర రేఖల్లాగే ఉంటాయి. కానీ 10/9, 9/8 సమానం కావు కదా, ఎక్కడో కలవాల్సిందే. కలిసేది ఎక్స్ = 288, వై = మైనస్ 315 దగ్గర, అంటే షీటు దాటి కుడికి దాదాపు 3 మీటర్లు, కిందికి 3 మీటర్ల పైనే. ప్రతిక్షేపించి సరిచూసుకోండి: 2880 − 2835 = 45, 2592 − 2520 = 72.