డెల్టా పెరట్లో చిన్న గ్రీన్‌హౌస్

సభకు నమస్కారం. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు ఉండే చిన్న గ్రీన్‌హౌస్ గురించి. మన గోదావరి డెల్టాలో ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా కాస్త పెరడున్న ఏ ఇంట్లోనైనా అంత జాగా దొరుకుతుంది. కొబ్బరిచెట్టు కింద మాత్రం వేయకండి. ఎండుమట్ట ఒక్కటి పడినా పైకప్పు చిరిగిపోతుంది.

గ్రీన్‌హౌస్‌ను చలిదేశాల వాళ్ళు వెచ్చదనం కోసం కట్టుకుంటారు. మనకు పుష్యమాసపు తెల్లవారుజామున కూడా మొక్క చలికి చచ్చిపోయే పరిస్థితి లేదు. మన మొక్కల్ని దెబ్బతీసేవి ఏప్రిల్, మే నెలల ఎండ, ఆగస్టు నుంచి నవంబరు దాకా కురిసే వాన, వానతోపాటు వచ్చే తెగుళ్ళు. కాబట్టి డెల్టాలో గ్రీన్‌హౌస్ అంటే ఎండకూ వానకూ పనికివచ్చే గొడుగని అనుకుంటే, దాన్ని ఎలా కట్టాలో, అందులో ఏం పెంచాలో సగం తేలిపోతుంది. నాలుగు వైపులా పాలిథిన్ బిగించి తలుపు వేస్తే మే నెల మధ్యాహ్నం లోపల బయటికన్నా వేడి పెరిగి మొక్కలు ఉడికిపోతాయి. అందుకని పక్కలకు పురుగుల్ని ఆపే సన్నకన్ను వల, పైన ఎండాకాలంలో 50 శాతం నీడనిచ్చే షేడ్ నెట్, వానాకాలంలో దానికి బదులు 200 మైక్రాన్ల మందం ఉండి ఎండకు తట్టుకునే యూవీ పాలిథిన్ షీటు, శీతకాలంలో షీటు కూడా తీసేసి వట్టి వల ఉండేలా ఏర్పాటు చేసుకోవాలి. నడిమి ఎత్తు 10 అడుగులకు తగ్గకుండా, వేడిగాలి పోవడానికి కొప్పు దగ్గర సందు ఉండేలా చూసుకోవాలి.

లోపల ఏం వేయాలన్న దగ్గర చాలామంది ఆశకు పోతారు. బెండ, గోంగూర, తోటకూర, ములగ, కరివేపాకు ఆరుబయట ఎండలో హాయిగా పెరుగుతాయి; వాటికి ఇంత ఖర్చుపెట్టి కట్టిన చోటు ఇవ్వడం దండగ. ఆనప, బీర, కాకర పాదులకు ఎప్పటిలాగే పందిరి చాలు. పైగా వల లోపలికి తేనెటీగలు రావు కనుక పాదుకు కాపు ఉండదు. ఎవరైనా ముచ్చటపడి బీరపాదు లోపలే పెడితే, సాయంత్రం పూలు విచ్చుకునే వేళకు వెళ్ళి, మగపువ్వు కోసి రేకలు వెనక్కి విరిచి, కింద చిన్న పిందె ఉన్న ఆడపువ్వు నడిమికి పుప్పొడి అద్దాలి. దోసకు ఇదే పని పొద్దున చేయాలి. టమాటాకు ఆ బాధ లేదు, కొమ్మను వేలితో తట్టితే చాలు. అయితే పగలు 35 డిగ్రీలు, రాత్రి 25 డిగ్రీలు దాటే రోజుల్లో దాని పూత చాలావరకు రాలిపోతుంది కనుక వేసవి టమాటా మీద ఆశ పెట్టుకోవద్దని నా సలహా.

మరి ఆ 120 చదరపు అడుగులు దేనికంటే, ముందు నారుకు, తరువాత కొత్తిమీర, మెంతికూర, పాలకూర, పుదీనా వంటి సున్నితమైన ఆకులకు. కడియం, కడియపులంక నర్సరీలకు వెళ్ళినవారు చూసే ఉంటారు: లేతమొక్క మీద నేరుగా ఎండ గానీ వానచినుకు గానీ పడనివ్వరు. వంగ, మిరప విత్తనాలు మే నెలాఖరున షేడ్ నెట్ కింద 98 గుంటల ట్రేలలో వేస్తే, మిరపకు 40 రోజులు పట్టినా, జూలైలో మడిలోకి వెళ్ళడానికి నారు సిద్ధమవుతుంది. టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు సెప్టెంబరు చివర షీటు కింద పోస్తే, నాలుగైదు వారాలకు వానలు తెరిపియ్యగానే నాటుకోవచ్చు. కాడను పట్టుకుని మెల్లగా లాగినప్పుడు వేళ్ళు అల్లుకుని మట్టి విడిపోకుండా గుంట ఆకారంలోనే మొక్క బయటికి వస్తే, నారు నాటడానికి సిద్ధమైందని గుర్తు.

కొత్తిమీరకు ధనియాల్ని అలాగే చల్లితే సరిగా మొలవవు. ఒక్కో ధనియంలో రెండు పప్పులుంటాయి. అప్పడాల కర్రతో, నలిగిపోకుండా రెండుగా విడిపోయేంత బరువు మాత్రమే వేసి దొర్లించి, రాత్రంతా నానబెట్టి, ఆరబెట్టి చల్లాలి. మొలకకు పది రోజులు పట్టినా కంగారుపడి మడి తవ్వకండి. ఒకేసారి అంతా చల్లకుండా పది రోజులకొక వరస చల్లుకుంటే, ఒక వరస కోతకు వచ్చేసరికి ఇంకొకటి మొలుస్తూ ఉంటుంది. మెంతి మూడు నాలుగు రోజుల్లో మొలిచి మూడు వారాలకే కూరకు వస్తుంది. పుదీనాను మాత్రం తొట్టిలోనే ఉంచండి, నేలలో పెడితే మిగతా వాటిని బతకనివ్వదు.

మన ఒండ్రు నల్లమట్టిని సంచుల్లో నింపితే తడిసినప్పుడు బంకలా, ఎండినప్పుడు రాయిలా తయారవుతుంది. ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమపాళ్ళలో కలపడం మేలు. పొట్టు మన కోనసీమదే, చవకగా దొరుకుతుంది. అయితే ఉప్పునీటిలో నానిన కొబ్బరి డొక్కల పొట్టులో లవణం మిగిలిపోతుంది. మంచినీళ్ళతో రెండు మూడుసార్లు కడిగి పిండాకే వాడండి, లేకపోతే లేత ఆకుల అంచులు మాడిపోతాయి.

నీటి సంగతి కూడా అంతే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి డెల్టా సాగు కాలువ చుట్టూనే తిరుగుతోంది. వేసవిలో కాలువలు కట్టేశాక, సముద్రం దగ్గరి ఊళ్ళలో చాలాచోట్ల బోరు నీరు ఉప్పగా ఉంటుంది, కొత్తిమీర దాన్ని తట్టుకోలేదు. ఈ చిన్న పైకప్పు మీద ఒక సెంటీమీటరు వాన పడితే దాదాపు 110 లీటర్లు వస్తాయి. షీటు అంచున గొట్టం కట్టి డ్రమ్ములోకి మళ్ళిస్తే వానాకాలపు నారుకు అదే సరిపోతుంది. వేసవికి మాత్రం కాలువ కట్టేయకముందే తొట్టెలు నింపుకోవాలి. డ్రమ్ముకు మూత తప్పనిసరి, దోమలకు మనం వేరే ఇళ్ళు కట్టిపెట్టనక్కరలేదు.

కప్పు కింద వాన పడదు కనుక ఆకు అడుగున ఎర్రనల్లి, తెల్లదోమ వంటి పురుగులు నిలిచిపోతాయి. వారానికి రెండుసార్లు పొద్దున్నే ఆకు అడుగుకు తగిలేలా నీళ్ళు కొట్టండి. తగ్గకపోతే లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం చల్లండి. నారు మొదలు కుళ్ళి వాలిపోవడం ఎక్కువగా మన చేతి నీళ్ళ వల్ల వచ్చేదే. ట్రే పైభాగం ఆరాకే మళ్ళీ తడపాలి.

ఇక తుపాను. 1996 నవంబరు 6 రాత్రి తుపాను గాలికి కోనసీమ కొబ్బరితోటలు ఎలా కూలిపోయాయో ఇక్కడున్న పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. అంతటి గాలికి ఏ పందిరీ ఆగదు. షీటును మేకులతో బిగించకుండా, స్ప్రింగు క్లిప్పులతో పట్టించి, ఇద్దరు మనుషులు అరగంటలో చుట్టేసేలా ఉంచుకోండి. హెచ్చరిక రాగానే ముందు ట్రేలు ఇంట్లోకి, ఆ తరువాత పైనున్న షీటు గానీ షేడ్ నెట్ గానీ దించాలి. గొట్టాల చట్రం పునాదిలో గట్టిగా ఉంటే గాలి దాని మధ్య నుంచి పోతుంది. వాన వెలిశాక మళ్ళీ కప్పుకోవచ్చు.