కొండ మీద ఊరు, కొండ లోపల బావి

శ్రోతలకు నమస్కారం.

విదేశాల్లో కొండ మీద పాత ఊరు కనిపిస్తే అందరం ముందు ఫోటోలు తీసుకుంటాం. నాకు మాత్రం ఆ వెంటనే ఒక సందేహం వస్తుంది. ఇంత ఎత్తులో వీళ్ళకి నీళ్ళెక్కడివి?

ఇటలీలో రోమ్ నుంచి ఫ్లోరెన్స్ వెళ్ళే రైలు దారిలో ఒర్వియేతో అనే ఊరుంది. స్టేషన్ కింద, ఊరు పైన. అగ్నిపర్వతాల బూడిద గట్టిపడి రాయిగా మారిన కొండ అది. చుట్టూ గోడ కట్టినట్టు నిట్టనిలువుగా ఉంటుంది. స్టేషన్ ఎదురుగానే కొండెక్కించే కేబుల్ రైలు ఉంది. 1888లో మొదలైనప్పుడు దీన్ని నీళ్ళే నడిపేవి. పైనున్న పెట్టెలో నీళ్ళు నింపితే, ఆ బరువుకి అది దిగుతూ కింది పెట్టెను పైకి లాగేది. ఇప్పుడు కరెంటుతో నడుస్తోంది.

పైన దిగగానే దగ్గర్లోనే ఉంటుంది సాన్ పత్రిజియో బావి. 1527లో శత్రు సేనలు రోమ్‌ని దోచుకున్నప్పుడు ఏడవ క్లెమెంట్ పోప్ ఈ కొండ మీదికి వచ్చి తలదాచుకున్నాడు. ముట్టడి జరిగితే ఊరు దాహంతో లొంగిపోతుందని భయపడి బావి తవ్వించాడు. పని 1537లో పూర్తయింది. అప్పటికి ఆయన లేడు.

మా నాయనమ్మ వాళ్ళ ఊళ్ళో దిగుడు బావి ఉండేది. నిండు బిందెతో ఎవరైనా ఎక్కి వస్తుంటే, దిగేవాళ్ళు గోడకి ఒరిగి దారి ఇచ్చేవారు. నీళ్ళు మోసే కంచర గాడిదలు అలా ఒరిగి నిలబడవు కదా! అందుకే ఇక్కడ వాస్తుశిల్పి ఆంతోనియో ద సాంగాల్లో రెండు మెట్లదారులు కట్టాడు. తాడు పేటల్లా ఒకదాన్నొకటి చుట్టుకుంటూ పోతాయి, ఎక్కడా కలవవు. ఒకదాంట్లో దిగి, అడుగున చిన్న వంతెన దాటి, రెండో దాంట్లో ఎక్కాలి. ఒక్కో దారికి 248 మెట్లు. గాడిదల కాళ్ళకి తగ్గట్టు వెడల్పుగా, తక్కువ ఎత్తులో ఉంటాయి, మన మోకాళ్ళకీ అదే హాయి. లోపలి గోడకున్న కిటికీల్లోంచి పైవెలుతురు పడుతుంది. నేను దిగుతుంటే అవతలి కిటికీలోంచి ఒక పాప చెయ్యి ఊపింది. ఎదురెదురుగా కనపడుతున్నా, తను ఎక్కే దారి వేరు, నేను దిగే దారి వేరు. అది కట్టినవాడి తెలివికి నిజంగా చేతులెత్తి మొక్కాలనిపించింది.

1290లో మొదలుపెట్టిన కెథెడ్రల్, అంటే పెద్ద చర్చి, కూడా ఇక్కడే ఉంది. చాలామంది దాన్ని చూసేసి సాయంత్రం రైలుకి వెళ్ళిపోతారు. మీరు మాత్రం ఒక రాత్రి ఉండండి. పొద్దు వాలే వేళ ఆ కెథెడ్రల్ ముఖం మీది బంగారు మొజాయిక్ బొమ్మల మీద ఎండ పడుతుంది. ఆ అరుగుల మీద చోటు చూసుకుని కూర్చోండి. బావి సంగతి మర్నాడు పొద్దున్నే, కాళ్ళలో ఓపిక ఉన్నప్పుడు పెట్టుకోండి.

సెలవు.