ఉగాది నుంచి ఉగాది దాకా: ఒక ఊరి రచయితల సంఘం

శ్రోతలకు నమస్కారం.

ఊరికొక సాహితీ సంస్థ ఉండటం తెలుగునాట కొత్త సంగతేమీ కాదు. గ్రంథాలయంలోనో, ఏదో పాఠశాల గదిలోనో నెలకొకసారి పదిమందో పదిహేనుమందో కూర్చుని, తాము రాసినవి చదువుకొని, ఒకరినొకరు మెచ్చుకొనో నొచ్చుకొనో ఇళ్లకు వెళ్లే ఇలాంటి సంఘాల గురించి పత్రికల్లో వచ్చేవి మాత్రం సభల వార్తలే. ఫలానా వారి జయంతి, ఫలానా పుస్తకావిష్కరణ, వేదిక మీద వరుసగా నిలబడి పుస్తకాన్ని గుండెలకు ఆనించి పట్టుకున్న పెద్దల ఫొటో. ఆ ఫొటోకు ముందూ వెనుకా ఏడాది పొడవునా ఏం జరుగుతుందో, మా విజయనగరంలోని ఒక చిన్న రచయితల సంఘంలో సభ్యుడిగా నేను చూసినంత మేరకు ఈ ప్రసంగంలో చెబుతాను.

మా సంఘంలో రచన మీద బతికేవారు ఒక్కరూ లేరు. పదవీ విరమణ చేసిన తెలుగు పండితులు, ఒక బీమా ఉద్యోగి, మందుల దుకాణం నడిపే ఒకాయన, అంగన్‌వాడీ కార్యకర్త ఒకామె, రైల్వేలో పనిచేసే ఇద్దరు, డిగ్రీ చదువుతున్న పిల్లలు కొందరు సభ్యులు. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా వేరుపడ్డాక కూడా సాలూరు, పార్వతీపురం వైపు నుంచి వచ్చేవారు రావడం మానలేదు. జిల్లా మారినా ఎక్కే బస్సు మారలేదని వారే నవ్వుతారు.

మా సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది. పంచాంగ శ్రవణం అయ్యాక, ఉగాది పచ్చడి పంచాక, కవి సమ్మేళనంలో మైకు ముందుకు పిలవవలసిన కవుల జాబితా చూసేసరికి అధ్యక్షులవారికి చెమట పడుతుంది. ఒక్కొక్కరికి మూడు నిమిషాలని ముందే చెప్పినా, కవిత నేపథ్యం వివరించడానికే ఆ మూడు నిమిషాలూ వాడుకునేవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. కొత్త సంవత్సరం పేరును పట్టుకొని, కోయిలనూ మావిచిగురునూ వేపపువ్వునూ పేరుపేరునా పలకరించి, చివర్లో సమాజానికి ఒక హితవు చెప్పి ముగించే కవితలు వరుసగా వినవలసి వస్తుంది. ఒక ఏడాది కోయిల లేని కవితలే చదవాలని నియమం పెట్టి చూశాం. ఆ ఏడాది హాలు నిండా చిలుకలు ఎగిరాయి. అయినా ఈ సమ్మేళనాన్ని వదులుకోవాలని నేను అనను. సాహిత్య సభకు మరెప్పుడూ రాని కుటుంబాలు ఆ ఒక్కరోజు పిల్లాపాపలతో వస్తాయి. ఇప్పుడు మా సంఘంలో మంచి కథలు రాస్తున్న ఒక అమ్మాయి మొదటిసారి కవిత్వం విన్నది అలా వాళ్ల నాన్నగారి వెంట పచ్చడి తినడానికి వచ్చిన రోజునే.

చైత్రం దాటి ఎండలు ముదిరేసరికి హాజరు పలచబడుతుంది. ఏప్రిల్ 16న వీరేశలింగం పంతులుగారి జయంతి, 30న శ్రీశ్రీ జయంతి క్లుప్తంగా జరుపుతాం. ఆ పైన పెళ్లిళ్లు, ప్రయాణాలు, ఎండ. వేసవి గురించి చెప్పుకోదగినది పెద్దగా లేదు.

సంఘం అసలు పని నెలనెలా రెండో ఆదివారం సాయంత్రం జరిగే పఠన సమావేశం. ఎవరి రచన చదవాలో ముందు నెలలోనే నిర్ణయిస్తాం. వారం ముందు దాని ప్రతి వాట్సాప్‌లో అందరికీ చేరుతుంది. ఫోనులో చదవలేని పెద్దల కోసం జిరాక్సు తీయిస్తాం. సమావేశంలో రచయిత తన రచనను పైకి చదవాలి, ఆ తరువాత అందరూ మాట్లాడటం పూర్తయ్యేదాకా నోరు విప్పకూడదు. ఈ రెండో నియమమే కష్టమైనది. ‘నా ఉద్దేశం అది కాదండీ’ అనే మాట పెదవి దాకా వచ్చి ఆగిపోవడం ప్రతి నెలా ఎవరో ఒకరి ముఖంలో కనిపిస్తుంది. కథ అచ్చయ్యాక పాఠకుడి పక్కన కూర్చుని వివరించడానికి రచయిత ఉండడు కదా అన్నది ఈ నియమానికి మేం చెప్పుకునే సమర్థన. మాట్లాడే వరుస కూడా వయసులో చిన్నవారితో మొదలవుతుంది. పెద్దలు ముందు మాట్లాడితే, మాస్టారు చెప్పాక ఇంకేం ఉంటుందని మిగిలినవారు తలలూపి ఊరుకోవడం కొన్నేళ్లు చూశాక ఈ మార్పు చేసుకున్నాం.

విమర్శ అంటే శైలి, శిల్పం, దృక్పథం వంటి పెద్ద మాటలేనని కొత్తగా చేరినవారు భయపడుతుంటారు. ఈ సమావేశాల్లో నిజంగా పనికివచ్చే మాటలు చాలా మామూలువి. ఒకసారి చదివిన కథలో ఒక గిరిజన కుటుంబం దసరా రోజుల్లో తోటలో జీడి పిక్కలు ఏరుతూ కనిపించింది. కథ బాగుందని నలుగురు చెప్పాక, సాలూరు వైపు నుంచి వచ్చే ఒకాయన, జీడిచెట్టు పూతకు వచ్చేదే చలికాలంలోనని, పిక్కలు ఏరేది ఎండాకాలంలోనని, దసరాకు ఆ తోటలో ఏరడానికి ఏమీ ఉండదని నెమ్మదిగా చెప్పారు. దసరా అన్న మాట కొట్టేస్తే సరిపోతుందని రచయిత మొదట అనుకున్నారు. కాని కథలో అప్పు తీర్చవలసిన గడువు ఆ పండుగకే ఉంది. పంట వేసవికి జరిగితే షావుకారు మరో ఆరేడు నెలలు ఆగాలి. అతడు ఎందుకు ఆగుతాడన్న ప్రశ్నకు జవాబు వెతికేసరికి, పూత కూడా రాకముందే రాబోయే పంటకు తక్కువ ధర కట్టి డబ్బు చేతిలో పెట్టే లావాదేవీ కథలోకి వచ్చింది. మొదటి ప్రతిలో మీసాలు మెలేయడం తప్ప మరో పని లేని షావుకారు, లెక్క తెలిసిన మనిషిగా మారాడు. ఆ కథ ఇప్పుడు ఎవరైనా చదివితే అందులో దిద్దుబాటు జరిగిన ఆనవాలు కనిపించదు.

ఉత్తరాంధ్ర మాటతీరులో రాసిన సంభాషణలను రచయితచేత కాక మరొకరిచేత చదివించడం మాకు ఇంకో అలవాటు. పట్నంలో పెరిగి పల్లె మాటలు రాసే కుర్రవాళ్ల కథలను అంగన్‌వాడీ కార్యకర్తగా పనిచేసే ఆమె చదువుతారు. ఆమె నోరు ఎక్కడ తడబడితే అక్కడ రచయిత పెన్సిలుతో గీత పెట్టుకుంటాడు. ఆమె వ్యాఖ్యానం ఏమీ చేయరు, చేయనక్కర కూడా ఉండదు.

అన్ని నెలలూ ఇలాగే గడుస్తాయని చెబితే అబద్ధం అవుతుంది. నా కవితను నువ్వు పొగిడితే నీ కథను నేను పొగుడుతానన్న పద్ధతిలో గంటన్నర గడిచిపోయే నెలలూ ఉన్నాయి. ఒక మాట పరుషంగా వినిపించి మళ్లీ రానివారూ ఉన్నారు. అలా వెళ్లినవారిలో మంచి పద్యం రాయగలవారు ఒకరున్నారు. ఆయన పక్కవీధిలోనే ఉంటారు, ఎదురుపడితే కుశలం అడుగుతారు, సంఘం మాట మాత్రం ఎత్తరు.

ఆగస్టు చివర నుంచి సభల కాలం మొదలవుతుంది. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. సెప్టెంబరు 21 గురజాడ జయంతి. ఆయన నివసించిన ఇల్లు స్మారకంగా నిలిచివున్న మా ఊళ్లో గురజాడ జయంతిని ఎవరూ వదలరు. వక్తలు ‘దేశమును ప్రేమించుమన్నా’ అని ఎత్తుకుంటారు, పిల్లలు అందుకుంటారు. ఇవన్నీ జరగవలసినవే. కాని ఆయన నాటకం చరిత్రలో రచయితల సంఘాలు మరింత శ్రద్ధగా చూడవలసిన సంగతి ఒకటుంది. కన్యాశుల్కం 1892లో తొలిసారి రంగస్థలం ఎక్కింది ఈ ఊళ్లోనే, దాన్ని ఆడింది జగన్నాథ విలాసినీ సభ అనే ఇక్కడి నాటక సమాజమే. నాటకం 1897లో అచ్చయింది. 1909లో రెండో కూర్పు వచ్చేసరికి అది ఎంతగా పెరిగి, ఎంతగా మారిందంటే, పరిశోధకులు ఆ రెండు కూర్పులనూ పక్కపక్కన పెట్టి పోల్చి చదువుతారు. ఒకసారి ఆడి, అచ్చయి, పేరు తెచ్చుకున్న నాటకాన్ని తిరగరాయడానికి పూనుకున్న రచయిత జయంతిని, ఒక్క కొత్త వాక్యమైనా చదవకుండా పూలదండలతో ముగించడం నాకు ఎప్పుడూ కొంత వింతగానే తోస్తుంది. అందుకే ఇప్పుడు ఆ రోజు సభ అయ్యాక మా సభ్యులు కొందరు ఆగి, తాము రాసిన ఏదో ఒక పుట మొదటి ప్రతినీ, తిరగరాసిన ప్రతినీ చదువుతారు. అప్పటికి దండలు తెచ్చినవారు వెళ్లిపోయి ఉంటారు, కుర్చీలు సగం ఖాళీగా ఉంటాయి. నిజానికి సంవత్సరం మొత్తంలో నాకు నచ్చే గంట అదే.

ఇదే ఊళ్లో తరువాతి తరం రచయితలు రోణంకి అప్పలస్వామి, శ్రీరంగం నారాయణబాబు, చాసోగా పేరొందిన చాగంటి సోమయాజులు స్నేహితులై సాహిత్యాన్ని చర్చించుకున్నారు. వారి మధ్య నడిచిన మాటలకు మినిట్స్ పుస్తకం లేకపోవడం మనకు నష్టమే, వారికి మాత్రం ఏ ఇబ్బందీ కలిగించలేదు.

దసరా నెలలో మా క్యాలెండరు మా చేతిలో ఉండదు. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం. ఆ వారమంతా ఊళ్లో ప్రతి ఇంట్లోనూ చుట్టాలే కాబట్టి సమావేశం వాయిదా పడుతుంది. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాల్లో పాఠశాలలకు వెళ్లి కథలు చదువుతాం. పిల్లలు మర్యాద కోసం చప్పట్లు కొట్టరు, విసుగు పుడితే కిటికీలోంచి బయటికి చూస్తారు. రచయితకు ఇంతకంటే నిక్కచ్చి విమర్శకులు దొరకరు.

చలికాలం వార్షిక సంకలనం పని. ఇది సాహిత్యం కంటే ఎక్కువగా కూలిపని. సభ్యులు ఫోనులో టైపు చేసి పంపేది యూనికోడ్‌లో. డీటీపీ చేసేచోట పేజీలు కట్టేది వేరే సంకేతాలు వాడే అను ఫాంట్లతో. ఒకదాని నుంచి మరొకదానికి మార్చేటప్పుడు ఒత్తులు తారుమారవుతాయి, కొన్ని గుణింతాలు మాయమవుతాయి. అందువల్ల సరిగా టైపు చేసిన రచనకు కూడా మళ్లీ మొదటి అక్షరం నుంచి ప్రూఫు చూడవలసిందే. రచయిత తన ప్రూఫు తానే చూసుకుంటే తప్పులు కనిపించవు, రాయాలనుకున్నదే కనిపిస్తుంది. కాబట్టి ఒకరి ప్రతిని మరొకరికి ఇస్తాం. డెమీ సైజు పుస్తకంలో ఫారానికి, అంటే ఒకేసారి అచ్చయ్యే పెద్ద కాగితానికి, పదహారు పుటలు. లెక్క సరిగ్గా కుదరక రెండు పుటలు మిగిలితే, ఎంపిక కాని కవితల్లో ఒకటో రెండో హఠాత్తుగా ప్రచురణార్హం అవుతాయి. పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బీఎన్ సంఖ్యకు మన దేశంలో రుసుము లేదు, దరఖాస్తు ఓపికగా నింపితే చాలు. 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, చెన్నైలోని కన్నెమరా వంటి మరికొన్ని గ్రంథాలయాలకూ ప్రతులు పంపాలి. చిన్న సంఘాలు చాలావరకు ఈ సంగతి పట్టించుకోవు. పట్టించుకోవాలి, ఎందుకంటే అచ్చువేసిన ప్రతులు ఎంత త్వరగా కనబడకుండా పోతాయో వాటిని అచ్చువేసినవారికే బాగా తెలుసు. సగం పంచుతాం, కొన్ని అమ్ముతాం, మిగిలిన కట్టలు కార్యదర్శిగారి ఇంట్లో మంచం కింద చేరతాయి, ఇల్లు మారినప్పుడల్లా కొంచెం కొంచెంగా తగ్గిపోతాయి.

ఒక ప్రతి మాత్రం ఏటా తప్పకుండా శ్రీకాకుళం చేరుతుంది. కాళీపట్నం రామారావుగారు అక్కడ నెలకొల్పిన కథానిలయం 1997 ఫిబ్రవరి 22న ప్రారంభమైంది. తెలుగు కథ ఏ పత్రికలో, ఏ సంకలనంలో అచ్చయినా అది ఒకచోట దొరకాలన్న పట్టుదలతో ఆయన ప్రోగుచేసిన సంపద అది. కారా మాస్టారు 2021లో వెళ్లిపోయారు, గ్రంథాలయం ఉంది. ఫిబ్రవరిలో మాలో కొందరం అక్కడికి వెళ్లివస్తాం. పాత పత్రికల కట్టల మధ్య, ఇప్పుడు ఎవరికీ పేరు తెలియని ఒక కథకుడి చక్కటి కథ చేతికి తగిలితే దాన్ని ఆ తరువాతి నెల సమావేశంలో చదువుతాం. మన రచనలకు ముందు ఏముందో వినకుండా మన రచనలే చదువుకుంటూ కూర్చోవడం సంఘానికి మంచిది కాదు.

ఫాల్గుణంలో సర్వసభ్య సమావేశం. 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంస్థ కాబట్టి కార్యవర్గం జాబితాను ఏటా రిజిస్ట్రారు కార్యాలయానికి పంపాలి. అధ్యక్ష పదవికి పోటీ ఉంటుంది, కార్యదర్శి పదవికి బతిమాలుకోవడం ఉంటుంది. ఈసారి జమాఖర్చులు చదివినప్పుడు, చందాల్లో ఎక్కువ భాగం ఫ్లెక్సీలకూ శాలువాలకూ జ్ఞాపికలకూ పోయిందని తేలింది. రాబోయే సంవత్సరంలో జయంతి సభలను మూడుకు తగ్గించి, మిగిలిన ఆదివారాలను కూడా పఠన సమావేశాలకే ఇవ్వాలని చిన్నవారు ప్రతిపాదించారు. పెద్దల్లో ఇద్దరు ఒప్పుకోలేదు. బయటివారు లోపలికి వచ్చే తలుపు జయంతి సభేనని, గది ఇచ్చే గ్రంథాలయంవారికీ చందా ఇచ్చే వ్యాపారులకూ కనిపించేది ఆ సభేనని, అది లేకపోతే పదిమంది తమలో తాము చదువుకునే గుంపుగా మిగిలిపోతామని వారన్నారు. నేను చిన్నవారి వైపు చెయ్యి ఎత్తాను. అయినా ఆ అభ్యంతరంలో నిజం లేదని చెప్పలేను. తీర్మానం ఒక్క సంవత్సరానికి మాత్రమే నెగ్గింది. పెద్దలిద్దరి అసమ్మతిని వారి మాటల్లోనే మినిట్స్ పుస్తకంలో రాసి, అందరం కింద సంతకాలు చేశాం.

నమస్కారం.